మత్తడి కింది నీటి దారినీ పనుల అంచనాలో చేర్చండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర రెవెన్యూ, విపత్తు నిర్వహణ శాఖల మంత్రి గారికి నమస్కారాలు.

2024 సెప్టెంబర్ 1న కోదాడ కాలనీలు నీట మునిగాయి. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాల్వకు గండి పడింది. అంతకు 15 ఏళ్ల ముందు, 2009 అక్టోబర్‌లో, కృష్ణా తుంగభద్రలు పొంగి అలంపూర్‌ను ముంచెత్తాయి. ఈ రెండు వరదల నడుమ ఇదే ప్రాంతం ఎండిన బోర్లనూ, పాలమూరు వలసలనూ చూసింది. వరద సాయం, కరువు సాయం వేర్వేరు పద్దుల్లో వస్తాయి గానీ, నాలుగు రోజుల్లో కురిసిపోయే వానను పట్టి ఉంచి, మిగిలిన నీటిని పద్ధతిగా కిందికి పంపే గొలుసుకట్టు చెరువులు దెబ్బతినడం వల్ల మాకు ఆ రెండు బాధలూ పెరిగాయి.

పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీరు వాగు పట్టి కింది చెరువుకు చేరాలి. ఇప్పుడు ఆ దారికి అడ్డంగా రోడ్డు ఉంటుంది; దాని కింద రెండు సిమెంటు పైపులు, వాటి నోటికి అడ్డంగా సర్కారు తుమ్మ, కొట్టుకొచ్చిన చెత్త; దాటి పోతే శిఖం భూమిలో, అంటే చెరువు నీరు నిలిచే భూమిలో, ప్లాట్ల హద్దురాళ్లు. గట్టి వాన పడిన రాత్రి ఆ రోడ్డే ఆనకట్ట అవుతుంది. నీరు పక్కదారి పట్టి ఇళ్లలోకి పోతుంది, కింది చెరువు ఆయకట్టు మాత్రం యాసంగిలో ఎండుతుంది.

రోడ్డు వేసేది ఒక శాఖ, ప్లాట్లకు అనుమతి ఇచ్చేది మరొకటి. విపత్తు శాఖకు పని పడేది ఊరు మునిగాకే. 2005 విపత్తు నిర్వహణ చట్టం కోరింది ఇది కాదు. ప్రతి రాష్ట్ర శాఖ తన అభివృద్ధి పథకాల్లోనే విపత్తు నివారణను కలిపి ప్రణాళిక రాసుకోవాలని సెక్షన్ 40 చెబుతోంది. 15వ ఆర్థిక సంఘం కూడా 2021-26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధిలో 20 శాతాన్ని ముప్పు తగ్గించే పనులకే కేటాయించింది.

కాబట్టి ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చెరువుల గొలుసు పటం జతచేయని ఏ రోడ్డు అంచనాకూ, ఏ లేఅవుట్‌కూ ఆమోదం ఇవ్వవద్దని కోరుతున్నాను. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. కల్వర్టుల వెడల్పును పాత వాన లెక్కలతో కాకుండా, పెరుగుతున్న కుంభవృష్టిని లెక్కలోకి తీసుకుని నిర్ణయించాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడికతీతకు, కట్టల మరమ్మతుకు దక్కిన శ్రద్ధ ఇప్పుడు చెరువుల్లోకి నీరు తెచ్చే కట్టు కాలువలకు, మత్తడి కింది వాగులకు దక్కాలి. ఏ తూము ఎప్పుడు తెరవాలో, నీరు ఎటు మళ్లుతుందో ఊళ్లో తరతరాలుగా చెరువు నీటిని వదిలే నీరటి కుటుంబాలకు తెలుసు. జిల్లా ప్రణాళిక రాసే ముందు వారిని పిలిపించి, ముసాయిదాను గ్రామసభల్లో చదివించి, వచ్చే వానాకాలానికి ముందే పనులు మొదలుపెట్టించాలని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
దేవరకొండ ప్రాంతపు ఒక చెరువు ఆయకట్టు రైతు