గల్ఫ్ నుంచి ఇంటికి ఫోన్: నిమిషం రేటు ఒక్కటే చూసి సిమ్ కొనకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

గల్ఫ్ కార్మికుల గురించి పత్రికల్లో చాలానే వస్తుంది. ఏజెంట్ల మోసాలు, వీసా గొడవలు, జీతాలు ఎగ్గొట్టడం, అన్నీ రాస్తారు, రాయాల్సిందే. కానీ ప్రతి గల్ఫ్ ఇంట్లో నెలనెలా ఖర్చయ్యే ఫోన్ డబ్బుల గురించి ఎక్కడా కనబడదు. మాది జగిత్యాల జిల్లా, మెట్‌పల్లి దగ్గర ఊరు. మా తమ్ముడు దుబాయ్‌లో పని చేస్తాడు. మా వాడకట్టులో కొత్తగా పోయే పిల్లలు "అన్నా, ఏ సిమ్ తీసుకోవాలె, ఏ ప్యాక్ వేసుకోవాలె" అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే నలుగురికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఇంటి దగ్గర ఫోన్ ఎత్తేది ఎవరు, వాళ్ల చేతిలో ఉన్నది ఏ ఫోన్ అన్నది చూసుకోండి. సిమ్ సంగతి ఆ తర్వాత. బీడీలు చుట్టుకునే తల్లి దగ్గర కీప్యాడ్ ఫోన్ ఉంటే కొడుకు అక్కడ ఎంత మంచి ఇంటర్నెట్ ప్యాక్ వేసుకున్నా ఆమెతో మాట్లాడటానికి అది అక్కరకు రాదు, ఆమెకు మామూలు రింగే పోవాలి. అదే భార్య దగ్గర స్మార్ట్‌ఫోన్ ఉండి, ఇంట్లో సిగ్నల్ బాగుంటే లెక్క పూర్తిగా వేరు.

రెండోది, ఒక దేశం సలహా ఇంకో దేశానికి పనికిరాదు. సౌదీ నుంచి తిరిగొచ్చినవాళ్లు "ఇంటర్నెట్ కాల్ ఉంది కదా, ఫోన్‌కు పైసలెందుకు" అంటారు. సౌదీ 2017 సెప్టెంబర్‌లో ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధం ఎత్తేసింది కాబట్టి వాళ్లు అలా అంటారు. దుబాయ్ ఉన్న యూఏఈలో అలా కాదు. అక్కడ వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది, ఫోటో పోతుంది, వాయిస్ మెసేజ్ కూడా పోతుంది, కాల్ మాత్రం కలవదు. ఆ ప్రభుత్వం అనుమతి ఇచ్చిన బోటిమ్ లాంటి యాప్‌లలోనే మాట్లాడాలి, అదే యాప్ ఇంటి దగ్గర వాళ్ల ఫోన్‌లో కూడా ఉండాలి. పోయే ముందే ఆ యాప్ ఇంట్లో వేసి, ఒకసారి నొక్కి చూపించి పోతే సగం టెన్షన్ తగ్గుతుంది. రూంలో ఎవరో చెప్పారని వీపీఎన్ (ఫోన్ ఎక్కడి నుంచి వాడుతున్నామో దాచే యాప్) పెట్టుకుని వాట్సాప్ కాల్ చేసే పిల్లలున్నారు, దయచేసి ఆ పని చేయకండి. వీపీఎన్ వాడి నేరం చేసినా, చేసిన నేరం దాచినా అక్కడి సైబర్ చట్టం ప్రకారం 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల దాకా జరిమానా ఉంది, జైలు కూడా ఉంది. అంత డబ్బు మన కార్మికుడు జన్మలో చూడడు.

ఇక రేటు సంగతి. దుకాణం ముందు బోర్డు మీద నిమిషానికి ఇంత అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, అందరం అదే చూస్తాం. అడగాల్సినవి వేరే ఉన్నాయి. సెకన్ల లెక్కన కోస్తారా, నిమిషం లెక్కన కోస్తారా? కాల్ కలిసినందుకు విడిగా ఏమైనా పట్టుకుంటారా? మిగిలిన నిమిషాలు ఎన్ని రోజులు బతుకుతాయి? మన ఊళ్లలో రేకుల ఇళ్లల్లో సిగ్నల్ సరిగ్గా ఉండదు, తల్లి మాట్లాడుతూ వాకిట్లోకి వచ్చేలోపు కట్ అవుతుంది, మళ్లీ చేస్తాడు, మళ్లీ కట్. నిమిషం లెక్కన కోసే ప్యాక్‌లో 1 నిమిషం 5 సెకన్ల చొప్పున నాలుగుసార్లు కట్ అయిందనుకోండి, మాట్లాడింది 4 నిమిషాల 20 సెకన్లు, పోయేది 8 నిమిషాలు! అలాంటి ఇంటికి నిమిషం రేటు కొంచెం ఎక్కువైనా సెకన్ల లెక్క ఉన్నదే చవక. ఏ ప్యాక్ లేకుండా మామూలు బ్యాలెన్స్‌తో నేరుగా ఇండియాకు కలపడం అన్నిటికంటే దండగ, కొత్తగా పోయినవాళ్లు మొదటి వారంలో ఎక్కువగా నష్టపోయేది అక్కడే. ఇంకో మాట, దుబాయ్‌లో రాత్రి 9 అంటే మనకు పదిన్నర. డ్యూటీ దిగి, వండుకుని తిని, ఫోన్ పట్టుకునేసరికి ఇక్కడ అవ్వ పడుకుని ఉంటుంది. రోజూ మాట్లాడతానని పెద్ద ప్యాక్ వేసుకుని నిమిషాలు మురగబెట్టుకునేది అందుకే. సెలవు రోజు తీరికగా మాట్లాడి, మిగతా రోజుల్లో వాయిస్ మెసేజ్ పెట్టుకుంటే చిన్న ప్యాక్ చాలు.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే విషయానికి వస్తాను. ఖర్చు అక్కడే కాదు, ఇక్కడా ఉంది. ఇన్‌కమింగ్ ఉచితమే, కాకపోతే రీఛార్జ్ వ్యాలిడిటీ ఉంటేనే ఫోన్ మోగుతుంది. అది అయిపోయి ఇన్‌కమింగ్ ఆగిపోతే అక్కడ కొడుకు "అమ్మకు ఏమైంది" అని పక్కింటి వాళ్లకు చేస్తాడు. డేటా ఎన్నడూ వాడని కీప్యాడ్ ఫోన్‌కు రోజుకు జీబీ, రెండు జీబీల ప్యాక్‌లు వేయిస్తూ వచ్చాం. ఇలాంటివాళ్ల కోసమే ఫోన్ కంపెనీలను నియంత్రించే కేంద్ర సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్ 23న నిబంధన తెచ్చింది, డేటా లేకుండా ఒట్టి కాల్స్, ఎస్సెమ్మెస్‌ల ప్యాక్‌లు కంపెనీలు ఇచ్చి తీరాలని, వాటి వ్యాలిడిటీ ఏడాది దాకా పెట్టుకోవచ్చని. 2025 జనవరిలో అవి వచ్చాయి కూడా. మొదట ఎక్కువ రేట్లు పెట్టి, విమర్శలు వచ్చాక జియో 84 రోజుల ప్యాక్‌ను 448 రూపాయలకు, ఎయిర్‌టెల్ 469కి తగ్గించాయి. రేట్లు మారుతుంటాయి, కొనే రోజు చూసుకోండి. కానీ అసలు అలాంటి ప్యాక్ ఒకటుందని చెప్పేవాళ్లు లేరు! మా దగ్గర ఒక రీఛార్జ్ దుకాణంలో ఒక పెద్దమ్మ "ఫోన్ మాట్లాడేదే వేయి బిడ్డా, నెట్టు నాకెందుకు" అంటే, అట్లాంటిది లేదని డేటా ప్యాకే వేశాడు. నేను పక్కనే ఉన్నాను, ఫోన్‌లో తీసి చూపించాక గానీ ఒప్పుకోలేదు. పేమెంట్ యాప్‌లలో చూసినా పైనంతా డేటా ప్యాక్‌లే, ఇవి ఎక్కడో కింద ఉంటాయి. గల్ఫ్ పోయే కొడుకు విమానం ఎక్కే ముందు తల్లి ఫోన్‌కు ఇలాంటి ఎక్కువ రోజుల ప్యాక్ ఒకటి వేసి పోతే చాలా ఇబ్బంది తప్పుతుంది.

ప్రభుత్వాలు చేయాల్సినవీ ఉన్నాయి. విదేశాలకు పోయే కార్మికులకు ఇచ్చే ముందస్తు శిక్షణలో పాస్‌పోర్టు, కాంట్రాక్టుతో పాటు ఫోన్ గురించి అరగంట చెప్పించాలి. ఏ దేశంలో ఏ యాప్ నడుస్తుందో, వీపీఎన్ వాడితే ఏమవుతుందో అక్కడే తెలియాలి. ఆపదలో ఉన్నవాళ్లు దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రానికి 800 46342కు ఉచితంగా చేయొచ్చన్నది కూడా అప్పుడే చెప్పాలి. యూఏఈలో 35 లక్షల మందికి పైగా మనవాళ్లున్నారు. 2022లో వాణిజ్య ఒప్పందం కుదుర్చుకున్న రెండు ప్రభుత్వాలు కార్మికుడు ఇంటికి చేసుకునే ఇంటర్నెట్ కాల్ గురించి కూడా కూర్చుని మాట్లాడుకోవాలి. మన ఎంపీలు పార్లమెంటులో ఇది అడగాలని నా కోరిక.

మీ పత్రికకు ఒక విన్నపం. బంగారం ధరలు రోజూ వేస్తారు కదా, నెలకోసారి జిల్లా పేజీలో డేటా లేని రీఛార్జ్ ప్యాక్‌ల ధరలు, వ్యాలిడిటీ రోజులు చిన్న పట్టికగా వేయండి. దాన్ని కత్తిరించి దుకాణం గోడకు అంటించే పని మేం చూసుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మెట్‌పల్లి మండలం, జగిత్యాల జిల్లా