పది నిమిషాలు పెన్ను ఆపకు

చిట్టితల్లీ,

కథ మొదటి పేరా దాటట్లేదు, రాసిందంతా కొట్టేసి మళ్ళీ మొదలుపెడుతున్నా అన్నావు కదా. ఫోన్‌లో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం.

నీకు కథ రాక కాదు. రాసేదీ నువ్వే, దిద్దేదీ నువ్వే, రెండూ ఒకేసారి చేస్తున్నావు. మీ తాతయ్యతో అష్టావధానానికి వెళ్ళినప్పుడు నిషిద్ధాక్షరి చూశావు, గుర్తుందా? అవధాని పద్యం చెబుతూ ఒక అక్షరం అనగానే, ఎదురుగా కూర్చుని పరీక్షించే పృచ్ఛకుడు "ఆ తర్వాత ఫలానా అక్షరం వద్దు" అంటాడు. అవధాని దాన్ని తప్పించుకుని ఇంకో అక్షరం వేస్తే దానికీ ఒక నిషేధం. అవధానులు ఏళ్ళ తరబడి సాధన చేసి అలా పద్యం చెప్పగలుగుతారు. నీ బుర్రలో కూడా అలాంటి పృచ్ఛకుడు ఒకడు తిష్ట వేశాడు. కథ ఒక రూపానికి వచ్చేదాకా ఆయనగారిని కాస్త బయట కూర్చోబెట్టాలి.

అందుకు నేను నమ్మిన పద్ధతి ఒకటి చెబుతాను. పది నిమిషాలకు టైమర్ పెట్టుకుని, అది మోగేదాకా చెయ్యి ఆపకుండా రాయడం. కొట్టివేతలు లేవు, వెనక్కి వెళ్ళి చదవడం లేదు. ఏమీ తోచకపోతే "ఏమీ తోచట్లేదు, ఏమీ తోచట్లేదు" అనే రాస్తూ పో. చేతికే విసుగొచ్చి ఇంకోటి రాస్తుంది. అమెరికాలో పీటర్ ఎల్బో అనే ఇంగ్లిష్ మాస్టారు 1973లో వేసిన పుస్తకంతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆయన సంగతి నీకు నచ్చుతుంది. హార్వర్డ్‌లో పీహెచ్‌డీకి చేరి, పేపర్లు రాయలేక మధ్యలో మానేశాడట. తర్వాత ఎప్పటికో ఇంకో యూనివర్సిటీలో పూర్తిచేశాడు. రాయలేని బాధ తెలిసిన మనిషి చెప్పింది కాబట్టే నాకు ఆయన మీద గురి.

మా తొమ్మిదో తరగతి పిల్లలతో ఇది చేయించాను. మామూలుగా వర్షం గురించి రాయమంటే "వర్షాకాలమునందు ప్రకృతి పచ్చగా శోభిల్లును" అని మొదలుపెడతారు. క్లాసులో సగం మందిదీ అదే వాక్యం, గైడు పుణ్యమా అని. టైమర్ పెట్టినరోజు ఒక పిల్లాడు ముందు ఆ శోభిల్లడమే రాశాడు. తర్వాత రెండు లైన్లు "ఇంకా ఏం రాయాలి టీచర్" అని రాశాడు. దాని కింద ఇలా ఉంది: "మా ఇంటి రేకుల మీద వాన పడితే టీవీ వినపడదు అమ్మ సౌండు పెంచమంటది నాన్న కరెంటు పోద్ది తీసెయ్యమంటాడు". ఫుల్‌స్టాప్ లేదు, కామా లేదు. అయినా ఆ ఇల్లు నాకు కళ్ళకు కట్టింది. తీరిగ్గా ఆలోచించుకుని రాయమంటే వాడు ఈ మాట చచ్చినా రాసేవాడు కాదు, ఇంట్లో మాట్లాడే తెలుగు నోట్సులోకి రాకూడదని వాళ్ళ నమ్మకం. తొందరలో ఆ నమ్మకం జారిపోయి అసలు గొంతు బయటపడింది. నీ కథలో అమ్మమ్మ పాత్ర న్యూస్ రీడర్‌లా మాట్లాడుతోంది చూశావా, అక్కడా ఇదే తంటా.

ఫోన్‌లో మాత్రం రాయకు. తెలుగు కీబోర్డు పైన సజెషన్లు వస్తుంటాయి, ఏది సరైనదో వెతుక్కుంటూ కూర్చుంటావు, మళ్ళీ దిద్దుడే. ఫోన్ టైమర్‌కి వాడుకుని, బోర్లించి పెట్టి, కాగితం మీద రాయి. ఒత్తు పోతే పోనీ. ఇంగ్లిష్ ముక్క వస్తే అదే రాసెయ్. పొద్దున్నే అయితే మంచిది. డొరొతియా బ్రాండ్ అనే అమెరికన్ రచయిత్రి 1934లోనే, లేవగానే ఎవరితోనూ మాట్లాడకుండా, పేపరు కూడా చదవకుండా రాయమంది. ఇప్పుడైతే వాట్సాప్ చూడకముందు అనేదేమో.

టైమర్ మోగాక ఒక్కసారి చదువుకో. చాలావరకు చెత్తే ఉంటుంది, కంగారుపడకు. బరువున్న వాక్యం ఎక్కడో ఒకటి దొరుకుతుంది. దాని కింద గీత గీసి, మర్నాడు ఆ వాక్యంతోనే ఇంకో పది నిమిషాలు మొదలుపెట్టు. ఎల్బో కూడా ఇలాగే ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళమన్నాడు. నాలుగైదు రోజులకు కథకు కావలసిన సరుకు పోగవుతుంది. అప్పుడు బయట కూర్చోబెట్టిన పెద్దమనిషిని లోపలికి పిలు. ఆయనకి అప్పుడు బోలెడు పని. పది నిమిషాల్లో రాసింది ఉన్నదున్నట్టు పత్రికకు పంపేవాళ్ళు కూడా ఉన్నారు, నువ్వు ఆ జట్టులో చేరకు.

మొదలుపెట్టడానికి కొన్ని మాటలు ఇస్తున్నా: అమ్మమ్మగారి నూతిగట్టు, మొదటి జీతం అందిన సాయంత్రం, హాస్టల్‌లో పక్క మంచం అమ్మాయి, నువ్వు నాకు చెప్పిన అబద్ధం. చివరిదానికి పది నిమిషాలు చాలకపోవచ్చు.

ఆదివారం పిన్ని హైదరాబాద్ వస్తోంది. గోంగూర పచ్చడితోపాటు రెండు లాంగ్ నోట్‌బుక్‌లు పంపుతున్నా. వాటిలో ఏం రాశావో నాకు చూపించక్కర్లేదు, నేను అడగను. మీ నాన్న అడుగుతారు, ఇవ్వకు.

అమ్మ