అవ్వ వేసుకునే మాత్ర గురించి

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి రాయునది.

అవ్వకు రక్తక్యాన్సర్ మాత్ర, వెనెటోక్లాక్స్, నిన్నటి నుంచి 100 మిల్లీగ్రాములకు పెంచారు. అది విషంలా కణాలను చంపుతుందా అని మొన్న నువ్వు ఫోనులో అడిగావు. నిలబడి చెప్పే జవాబు కాదు గనుక కూర్చుని రాస్తున్నాను.

తన చావుకు కావలసిన సరంజామా ప్రతి కణంలోనూ ముందే ఉంటుంది. బాక్స్, బాక్ అనే ప్రొటీన్లు మైటోకాండ్రియా వెలిపొరకు చిల్లులు పొడవగలవు. బీసీఎల్-2 అనే మరో ప్రొటీన్ వాటిని అడ్డుకుంటుంది. కణం దెబ్బతిన్నప్పుడు బిమ్, ప్యూమా వంటివి పెరిగి, తమలోని పొట్టి మెలిక ఒకదాన్ని బీసీఎల్-2 ఒంటి మీది గాడిలో దూర్చి, దాని పట్టు సడలిస్తాయి. అప్పుడు పొర చిల్లులు పడి సైటోక్రోమ్ సి బయటికి కారుతుంది. అంతవరకు కణం శ్వాసక్రియకు ఊడిగం చేసిన ప్రొటీనే బయటపడగానే మరణానికి కబురు మోస్తుందని 1996లో షియావోడాంగ్ వాంగ్ బృందం చూపించింది. ఎన్నేళ్లు పాఠం చెప్పినా ఆ సంగతి దగ్గరికి వచ్చేసరికి నేను కాసేపు ఆగిపోయేవాణ్ణి. సైటోక్రోమ్ సి తగలగానే ఆపాఫ్-1 ప్రొటీన్లు ఏడు కలిసి చక్రంలా అమరుతాయి, ప్రొటీన్లను కత్తిరించే ఎంజైమ్ కాస్పేజ్-9 మేల్కొంటుంది, అది కాస్పేజ్-3ను లేపుతుంది, కణం లోలోపలే తునకలవుతుంది. ఈ మరణానికి 1972లో పెట్టిన అపోప్టోసిస్ అనే పేరుకు గ్రీకులో ఆకు రాలడమని అర్థం. వేసవి మొదట్లో శేషాచలం వాలుల్లో ఎర్రచందనం ఆకు రాల్చడం నువ్వూ చూశావు కదా.

బీసీఎల్-2ను మొదట లింఫోమా అనే తెల్లకణాల క్యాన్సర్‌లోనే కనుగొన్నారు. అది కణాల విభజనను పెంచుతుందనుకునే రోజుల్లో, 1988లో డేవిడ్ వాక్స్ అనే శాస్త్రవేత్త, అది చేసేది కణాన్ని చావనివ్వకపోవడమేనని తేల్చాడు. అవ్వ జబ్బులోనూ అంతే: రాలవలసిన తెల్లకణాలు రాలకుండా పేరుకుంటున్నాయి. వాటిలో బీసీఎల్-2 ఎక్కువ, దాని గాడిలో చిక్కుకున్న బిమ్ కూడా ఎక్కువే. మాత్రలోని మందు ఆ గాడిలో తాను కూర్చుని బిమ్‌ను విడిపిస్తుంది. తక్కిన పనంతా కణంలోని ప్రొటీన్లే చేసుకుంటాయి. ఇదే కుటుంబంలోని బీసీఎల్-ఎక్స్ఎల్ ప్లేట్‌లెట్లను బతికించేది గనుక, దాని జోలికి పెద్దగా పోకుండా ఈ మందును మలిచారు. 2016లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు వెనుక అంత ఓపిక ఉంది.

కణాలు ఒక్కసారిగా రాలితే వాటిలోని పొటాషియం, యూరిక్ ఆమ్లం రక్తంలోకి పొంగి మూత్రపిండాలకు, గుండెకు ముప్పు తెస్తాయి. అందుకే 20తో మొదలుపెట్టి వారం వారం 50, 100, 200, 400కు పెంచుతారు, నీళ్లు బాగా తాగమంటారు. అవ్వ రాగి చెంబు పక్కన పెట్టుకుని, చెంబుకొక గీత చొప్పున దేవుడి గూటి పక్క గోడ మీద ముగ్గుపిండితో గీస్తోంది. ఈ మధ్యాహ్నానికి నాలుగు గీతలయ్యాయి. వచ్చే వారం మోతాదు పెంచేముందు రక్తపరీక్ష ఉంది. ఫలితం రాగానే ఫోను చేస్తాను.

మీ నాన్న