మౌస్ సంగతి రాద్దామని

రాజమండ్రి

చిరంజీవి కిరణ్‌కి,

అమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు ఫోన్ చేసి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. లెక్కపెట్టుకుని కూర్చోలేదు, గ్యాస్ బండ వచ్చిన రోజు చేశావు కాబట్టి గుర్తుంది.

నాన్నగారి కంప్యూటర్‌లో మౌస్ మొరాయించింది. బాణం గుర్తు కదలదు, కదిలితే ఈ మూల నుంచి ఆ మూలకి గెంతుతుంది. బ్యాటరీ అయిపోయిందని ఆయన కొట్టుకి వెళ్లారు. వైరున్న మౌస్‌కి బ్యాటరీ ఏమిటని కొట్టువాడు నవ్వాడట. నీకు చేస్తే ఎత్తలేదు. ఆఫీసులో ఉన్నావనుకున్నాను. ఉన్నావు కదూ?

ఇక నేనే ఫోన్‌లో మౌస్ కంపెనీ పేరు కొట్టి, మొదట కనిపించిన నంబరుకి చేశాను. 'మేడమ్, మీ డ్రైవర్ పాతబడింది, వైరస్ కూడా ఉంది' అన్నాడు ఎవడో, ఎంత మర్యాదగానో. మౌస్‌కి డ్రైవరేమిటంటే, అది కంప్యూటర్‌కీ మౌస్‌కీ మధ్య దుబాసీ లాంటిదట. ఆ ఒక్క మాటా నిజమే. తర్వాత నా ఫోన్‌లో ఏదో యాప్ వేసుకుని, అందులో కనిపించే అంకెలు చదవమన్నాడు. చదవబోతుంటే నాన్నగారు కళ్లజోడు కనపడలేదని కేకేశారు. అది వెతుకుతుంటే సరోజ అత్తయ్య పెన్షన్ డబ్బు ఇలాగే పోయిన సంగతి గుర్తొచ్చింది. వెంటనే ఫోన్ పెట్టేశాను. డబ్బు పోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెయ్యాలట, నువ్వూ రాసిపెట్టుకో.

చివరికి పెద్ద మావయ్యగారి బుజ్జి ఫోన్‌లోనే చెప్పి చేయించాడు, మౌస్ ముట్టుకోకుండా! విండోస్ మీటతో ఎక్స్ కలిపి నొక్కి, ఆపైన ఎమ్ నొక్కితే డివైస్ మేనేజర్ వచ్చింది, కంప్యూటర్ భాగాల జాబితా అన్నమాట. ట్యాబ్, బాణం మీటలతో మౌస్ వరస దాకా దిగాను. అప్‌డేట్ అంటే ఉన్నదే మంచిదంది. పాత డ్రైవర్‌కి వెనక్కి వెళ్లే రోల్ బ్యాక్ నొక్కితే పలకలేదు. అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ తన డ్రైవర్ తనే పెట్టుకుంది. అప్పట్లో సీడీలో ఇచ్చిన సాఫ్ట్‌వేర్ కూడా తీయించేశాడు. కంపెనీ వాళ్లతో పనిపడితే మౌస్ అడుగున ఉన్న మోడల్ నంబరు చూసుకుని, పెట్టె మీద అచ్చువేసిన వెబ్‌సైట్‌కే వెళ్లాలట. మన విండోస్ 10కి 2025 అక్టోబరు 14 నుంచి మామూలు సపోర్టు లేదు, కొత్తది కొనమంటాడు. నాన్నగారు వింటారా!

మాటల్లో వాడే అన్నాడు, మీ కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారని. నేనేమీ అడగట్లేదు. ఏదైనా ఆగిపోతే ముక్కూ మొహం తెలియనివాడి చుట్టూ తిరక్కూడదు, ముందు ఇంట్లో చెప్పుకోవాలి. మౌస్ గురించే అంటున్నాను. అద్దెకి ఇబ్బంది లేదు కదా? నాన్నగారి ఎఫ్‌డీ ఫిబ్రవరిలో తీరుతుంది, ఊరికే చెప్పాను. నువ్వులపొడి పంపాను, రాత్రిళ్లు బ్రెడ్డు తిని పడుకోకు.

మౌస్ మళ్లీ కాస్త తడబడుతున్నట్టుంది, నువ్వే చూడాలి. ఆదివారం వీడియో కాల్ చెయ్యి. నీ మొహం కనపడేలా పెట్టు.

అమ్మ