సెల్లారులో గోల్ఫ్ గది: కోవూరుకి ఒక ఉత్తరం

డెట్రాయిట్ నుంచి

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాను చూశాను. ఎట్టాగూ సెల్లారు తవ్విస్తున్నాం కదా, చిన్నోడికి గోల్ఫ్ సిమ్యులేటర్ (గదిలోనే నిజం బంతిని తెర మీదికి కొట్టి ఆడే ఏర్పాటు) అందులోనే పెట్టిద్దామని రాశావు. ప్రాక్టీసుకని మద్రాసు పోవాలంటే ఒక దారికే 170 కిలోమీటర్ల పైమాట, కాబట్టి ఆలోచన మంచిదే. కాకపోతే నీ ఉత్తరం నిండా బంతి వేగం, దారి కొలిచే మెషిను ఏది కొనాలనే గోలే ఉంది. మెషిను ఆఖర్న కొనేది. ముందు నీళ్ళ సంగతి, ఆ తర్వాత ఎత్తు. ఈ రెండూ స్లాబు పడకముందే తేలిపోవాలి.

ఇక్కడ మిషిగన్‌లో ఇళ్ళ కింద బేస్‌మెంట్ ఉండేది సోకుకి కాదు. చలికి నేల గడ్డకట్టి పునాదిని ఎత్తేస్తుంది. అందుకని పునాది 42 అంగుళాల లోతుకి దిగాల్సిందే. అంత తవ్వినోళ్ళు ఇంకాస్త తవ్వి గది చేసుకుంటారు. మనకి ఆ అవసరం లేదు సరిగదా, కోవూరు చుట్టూ వరి మళ్ళు. కాలవకి నీళ్ళు వదిలితే బావుల్లో మట్టం లేస్తుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు సరేసరి. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయిన సంగతి నీకు నేను చెప్పాలా! నన్నడిగితే ఈ గది మిద్దె మీద వేసుకోమంటాను. కాదు సెల్లారే అంటే, కింది పనులు మేస్త్రి మాట మీద వదిలెయ్యకుండా దగ్గరుండి చేయించు.

రాఫ్టు (అడుగున పరిచే కాంక్రీటు పునాది) పోసిన రోజుకీ గోడ పోసిన రోజుకీ మధ్య పడే అతుకులోంచే నీళ్ళు ఎక్కువగా వస్తాయి. ఆ అతుకులో పీవీసీ వాటర్‌స్టాప్ పట్టీ పెట్టించు. వాటర్‌ప్రూఫింగ్ గోడకి బయటి వైపు చేసి, అది ఆరాకే మట్టి పూడ్చాలి. లోపల పూసే రంగులు వెనకనుంచి నీళ్ళు తోస్తే పొక్కులు లేచి రాలిపోతాయి. ఒక మూలకి రెండడుగుల చదరం, రెండున్నర అడుగుల లోతు సంపు గుంట (ఊరిన నీళ్ళు చేరేది) తీయించి, నీళ్ళు లేస్తే దానంతటదే పంపు వేసే ఫ్లోట్ స్విచ్ ఉన్న అర హెచ్‌పీ పంపు పెట్టు. ఆ పంపుకి జనరేటరో, మోటారు స్టార్టింగు లోడు తట్టుకునే ఇన్వర్టరో తప్పనిసరి. తుఫాను రాత్రి కరెంటు పోయేదీ, సెల్లారులోకి నీళ్ళొచ్చేదీ ఒకే గంటలో. మెట్ల పైన ఆరంగుళాల గట్టు కట్టిస్తే వీధి నీళ్ళు లోపలికి దిగవు. ప్లగ్గులన్నీ నేలకి రెండడుగుల పైనే ఉండాలి.

నేల ఆరిందో లేదో చూడ్డానికి తేలికైన పరీక్ష ఒకటుంది. 18 అంగుళాల చదరం పాలిథిన్ షీటు నేల మీద పరిచి, నాలుగంచులూ టేపుతో గాలి దూరకుండా అతికించి 16 గంటలు వదిలెయ్యి. తీసినప్పుడు కింద చెమ్మ కనపడినా, కాంక్రీటు నల్లబడినా టర్ఫు (ప్లాస్టిక్ గడ్డి) పరవొద్దు. పరిస్తే నెలలోపు బూజు వాసన పట్టుకుంటుంది, ఆ పైన తెరకీ పాకుతుంది. ఈ పరీక్ష నవంబరులో చెయ్యి. రోహిణి ఎండల్లో చేస్తే ఏ నేలైనా పాసవుతుంది.

ఇక ఎత్తు. ప్లానులో పదడుగులని రాసుంది. అది రాఫ్టు నుంచి స్లాబు దాకా. ఫ్లోరింగుకి మూడు నాలుగు అంగుళాలు, దాని మీద ఫోము, టర్ఫు కలిపి రెండంగుళాలు పోతాయి. మిగిలేది తొమ్మిదిన్నర. బీము ఇంకో అడుగు కిందికి దిగితే దాని కింద ఎనిమిదిన్నరే! తొమ్మిదడుగులకి తగ్గితే పొడుగాటి మనిషి డ్రైవర్‌ని, అంటే అన్నిటికన్నా పొడుగు క్లబ్బుని (గోల్ఫ్ కర్రని), ధైర్యంగా ఊపలేడు. పైన తగులుతుందేమోనన్న భయంతో స్వింగు కురచ చేసుకోవడం అలవాటైతే బయట మైదానంలోనూ అదే వస్తుంది, ఇంత ఖర్చూ వాడి ఆట చెడగొట్టడానికే పెట్టినట్టవుతుంది. కాబట్టి బంతి పెట్టే చోటు రెండు బీముల మధ్యన పడాలి. ఇంజనీరుతో ఇప్పుడే చెప్పి బీములు జరిపించుకో, లేదా స్లాబు ఇంకో అడుగు లేపించు. ఫాల్స్ సీలింగ్ జోలికి పోవద్దు.

కొలత ఎట్టా తియ్యాలంటే, 45 అంగుళాల డ్రైవర్ తలకి స్పాంజి చుట్టి, దాని మీద చాక్‌పీసు పొడి అద్ది, నిదానంగా పూర్తి స్వింగు తిప్పాలి. పైన గీత పడిందంటే ఎత్తు చాలదు. అదే పని పొట్టి క్లబ్బు ఏడో నంబరు ఐరన్‌తో కూడా చెయ్యి, అది నిటారుగా లేస్తుంది. చిన్నోడు ఇప్పుడు ఐదడుగులే, రేపు నిన్ను మించుతాడు. కాబట్టి కొలత నువ్వు నిలబడి తియ్యి.

వెడల్పు 15 అడుగులుంటే బంతి మధ్యలో పెట్టుకుని కుడిచేతి వాళ్ళూ ఎడమచేతి వాళ్ళూ ఆడొచ్చు. నీకు 12 అడుగులే వస్తోంది. కుడిచేతి ఆటగాడు తెర వైపు చూస్తే బంతికి ఎడమ పక్కన నిలబడతాడు కాబట్టి ఎడమ గోడకి ఏడున్నర, కుడి గోడకి నాలుగున్నర అడుగులు వదులు. పొడుగు 20 అడుగులుంటే ఏ మెషిన్‌కైనా సరిపోతుంది. గోడకీ తెరకీ మధ్య అడుగు, తెర నుంచి బంతికి పది, బంతి వెనక తొమ్మిది.

ఆ అడుగు సందు వృథా అనుకోవద్దు. 46 గ్రాముల బంతి గంటకి రెండొందల కిలోమీటర్ల పైన వచ్చి తగిలితే తెర వెనక్కి సాగుతుంది. వెనక కాంక్రీటు గోడ ఆనుకుని ఉంటే బంతి వేగంగా తిరిగొచ్చి మోకాలికి తగులుతుంది. సందులో పాత బొంత వేలాడదియ్యి, చప్పుడూ తగ్గుతుంది. తెరని బిగువుగా లాగొద్దు, బిగిసిన తెర బంతిని వెనక్కి కొడుతుంది. కన్నాలకి ఎలాస్టిక్ తాళ్ళు కట్టి కాస్త సడలు ఉంచాలి. ఫ్రేముకి అంగుళం జీఐ పైపు చాలు. మామూలు ఇనుమైతే రెడాక్సైడు కొట్టినా మన గాలికి తుప్పు పడుతుంది. పైపుల మీద ఏసీ రాగి పైపులకి తొడిగే నల్ల ఇన్సులేషను గొట్టం తొడిగి, దాని ముందు మందపాటి ఫోము పట్టీ వెయ్యి. బంతి వట్టి పైపుకి తగిలిందంటే ఎటు పోతుందో చెప్పలేం. షాంకు పడితే, అంటే క్లబ్బు మెడకి తగిలితే, బంతి అడ్డంగా కుడి గోడకే పోతుంది కాబట్టి ఆ వైపు తెర నుంచి నాలుగైదు అడుగులు వల కట్టాలి. తెరకి ముందు స్లాబుకి కూడా ఒక వల వాలుగా కట్టు.

ప్రొజెక్టర్ దగ్గర చాలామంది లెక్క వేయకుండా కొంటారు. త్రో రేషియో అంటే తెర నుంచి ప్రొజెక్టర్ దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది. నీ గదిలో వలా ఫ్రేమూ పోగా బొమ్మ పదడుగులు వస్తుందనుకో. 16:10 బొమ్మైతే ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. రేషియో 0.8 ఉన్నది కొంటే తెరకి ఎనిమిదడుగుల దూరాన, అంటే బంతికి రెండడుగుల ముందు, స్వింగు పూర్తయ్యే చోట క్లబ్బుకి అందేట్టు వేలాడుతుంది. 1.2 ఉన్నదైతే పన్నెండడుగుల్లో, ఆడే మనిషి వెనక పడి, వాడి నీడ తెర మీద నిలుస్తుంది. 0.5 ఉన్నదైతే ఐదడుగుల్లో సరిపోతుంది, క్లబ్బూ తగలదు, నీడా పడదు. వెలుగు 3500 ల్యూమెన్లకి తగ్గకూడదు. ల్యాంపు కన్నా లేజర్ మేలు, కరెంటు ఠపీమని పోయినా తట్టుకుంటుంది. బొమ్మ వంకర వస్తే కీస్టోన్ అనే సెట్టింగు‌తో సరిచెయ్యమంటారు, అది బొమ్మని మసకబారుస్తుంది. లెన్స్‌నే జరిపి బొమ్మని సర్దే లెన్స్ షిఫ్ట్ ఉన్నది చూడు.

ఇప్పుడు మెషిను. రాడార్‌ది బంతి వెనక ఆరేడు, ఎనిమిదడుగుల్లో పెడతారు. బంతి గాల్లో పోవడం కూడా కాస్త చూడాలి కాబట్టి పొడుగు తక్కువైన గదిలో తికమక పడుతుంది. తిరిగే సీలింగ్ ఫ్యాను రెక్కలు కూడా దానికి కదిలే వస్తువులే, లేని బంతిని చూపించొచ్చు. కెమెరాది బంతి పక్కన పెట్టేది, పైన స్లాబుకి బిగించేదీ ఉంటాయి. పక్కన పెట్టేది ఎడమచేతి వాళ్ళొస్తే అటు మార్చాలి. మీ గదికి కెమెరాదే తీసుకో. దాన్ని తెరకి సరిగ్గా నేరుగా పెట్టాలి. రెండు డిగ్రీలు వంకరుంటే 200 గజాల షాటు ఏడు గజాలు పక్కకి చూపిస్తుంది, వాడేమో తన చెయ్యి వంకరనుకుని సర్దుకోవడం మొదలుపెడతాడు.

కెమెరాకి హాలోజన్ బల్బులు, ఎండ పడవు. ఎల్‌ఈడీలు కొనేముందు ఫోనులో స్లో మోషన్ వీడియో తియ్యి. చారలు పాకుతున్నట్టు కనపడితే ఆ బల్బు వద్దు. సీలింగ్ ఫ్యాను అసలే వద్దు, క్లబ్బుకి తగులుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ పెట్టు. సెల్లారులో ఏసీ నీళ్ళు వాటంతటవి బయటికి పోవు, డ్రెయిన్ పైపు సంపు గుంటలోకి దింపించు. గోడలకీ స్లాబుకీ మెరుపు లేని నల్ల రంగు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పరిపిస్తానన్నావే, ఆ ముచ్చట హాల్లో తీర్చుకో. ఈ గదిలో లైటు మెరిసి కళ్ళకి కొడుతుంది, మ్యాటు జారుతుంది.

మ్యాటు దగ్గర పిసినారితనం వద్దు. పల్చటి మ్యాటు కింద కాంక్రీటుంటే ప్రతి ఐరన్ షాటుకీ మోచెయ్యి అదురుతుంది, పిల్లల కీళ్ళకి అది మంచిది కాదు. నిలబడే చోటూ బంతి ఉండే చోటూ ఒకే ఎత్తులో ఉండాలి. బంతులు కొత్తవే వాడండి. ఇసకంటినవి, గీతలు పడ్డవి తెరని కోస్తాయి.

కంప్యూటరు సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. ఎనిమిది జీబీ గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్ ఉన్న గేమింగ్ పీసీ నెల్లూరులోనే కట్టిస్తారు. దానికీ ప్రొజెక్టర్‌కీ కలిపి ఒక యూపీఎస్ పెట్టు.

ఇక్కడినుంచి పంపే వస్తువుల అడాప్టరు మీద 100-240 వోల్టులని రాసుంటేనే తీసుకుంటాను. ఉత్త 120 అని ఉంటే మన 230కి కాలిపోతుంది. లిథియం బ్యాటరీ ఉన్న మెషిను చేతి సంచీలో తేవడమే మేలు. సుంకం కట్టాల్సొస్తుంది, బిల్లు దాచిపెడతాను. తెర మడతలు పడితే బొమ్మలో గీతలొస్తాయి కాబట్టి చుట్టగానే పంపిస్తాను.

ముందు ఇంజనీరు దగ్గర మూడు కొలతలు రాయించి పంపు: ఫ్లోరింగు అయ్యాక స్లాబు ఎత్తు, బీము కింది ఎత్తు, బీముకీ బీముకీ మధ్య దూరం. అవి వచ్చేదాకా ఏదీ కొనను. సెంట్రింగ్ కొట్టే తేదీ ఖాయం చేసుకుంటే ఆ సంగతి కూడా రాయి. నాన్నకీ అమ్మకీ నమస్కారాలు.

ఇట్లు
మీ అన్న