హౌసర్ ప్లాస్ నేలమాళిగలో ఒక మధ్యాహ్నం

మచిలీపట్నం,
ఆదివారం

చిట్టితల్లీ,

మేము క్షేమంగా ఇల్లు చేరాము. ప్రయాణంలో మీ అమ్మ మోకాలు కాస్త వాచింది గానీ ఇప్పుడు తగ్గింది. ఫోనులో చెప్పదగ్గ సంగతులన్నీ తను నీకు చెప్పేసే ఉంటుంది. ఫోనులో చెప్పలేనిది ఒకటి నా దగ్గర మిగిలిపోయింది, అందుకే ఈ ఉత్తరం.

విమానాశ్రయంలో నువ్వు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నాన్నా, మూడు వారాల్లో నీకు ఒక్క పూట కూడా బయట మంచి భోజనం పెట్టించలేకపోయాను. ఆ ఒక్క శుక్రవారమూ నిన్ను ఒంటరిగా పంపాను" అన్నావు. వెనక వరుసలో జనం తొందరపెడుతుంటే నేను నీ తల నిమిరి ఊరుకున్నాను. ఆ రాత్రంతా విమానంలో ఆ మాటే గుర్తొచ్చింది. తల్లీ, ఆ శుక్రవారం మధ్యాహ్నం నేను తిన్న భోజనం నా అరవై ఆరేళ్ళలో మరిచిపోలేని వాటిలో ఒకటి. ఎందుకో నీకు వివరంగా చెప్పాలి.

అంతకు ముందురోజు మనం మీ కోపెన్‌హాగెన్‌లో గుండ్రని గోపురం ఎక్కాము కదా. దానికి పై చివర కొన్ని తప్ప మెట్లు లేవని, గుర్రబ్బండి ఎక్కే దారిలా ఏడున్నర చుట్లు తిరుగుతూ ఏటవాలుగా పైకి పోతుందని నువ్వు చెబితేనే మీ అమ్మ ధైర్యం చేసింది. మర్నాటికి మోకాలు పట్టేసింది. నీకేమో ఆఫీసు నుంచి కబురు. ముగ్గురికని నువ్వు నెల ముందే చెప్పి ఉంచిన బల్ల దగ్గరకు నేను ఒక్కడినే వెళ్ళాను. నార్‌పోర్ట్ స్టేషన్‌లో దిగి, నువ్వు కాగితం మీద గీసిచ్చిన దారి పట్టుకుని కుల్‌టోర్వె దాటాను. ఆ పేరుకు బొగ్గు సంత అని అర్థమట. పల్లెల నుంచి బొగ్గు తెచ్చి అమ్మిన చోటు. దాని పక్కనే హౌసర్ ప్లాస్. 1807లో ఇంగ్లీషువాళ్ళ ఫిరంగులకు కాలి కూలిన నేల మీద ఏర్పడిన చౌకు అది.

షోనెమాన్ అనే ఆ భోజనశాల బోర్డు పైన కనిపించింది గానీ తలుపు కనిపించలేదు. కిందకు చూస్తే వీధి మట్టానికి దిగువన ఉంది. కమ్మీ పట్టుకుని మెట్లు దిగాను. మీ అమ్మను ఆ రోజు తీసుకురాకపోవడమే మంచిదయింది. లోపల కప్పు తక్కువ ఎత్తు, గోడలకు ముదురు రంగు చెక్క, తెల్లని బల్లగుడ్డలు, పట్టపగలే వెలిగించిన కొవ్వొత్తులు. కిటికీలోంచి పైన వీధిలో నడిచేవాళ్ళ బూట్లు మాత్రమే కనిపిస్తాయి. అడుగు వేయగానే కాలి కింద కరకర మంది. వంగి చూస్తే నేల మీద ఇసుక! మన సముద్రపు ఒడ్డున ఉండే ఇసుక లాంటిదే, పలచగా చల్లి ఉంది.

పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన, ఆయన భార్య కూర్చున్నారు. ఇద్దరూ ఎనభై దగ్గర ఉంటారు. నేను ఇసుక వైపు చూడడం గమనించి ఆయనే పలకరించాడు. 1877లో ఇది మొదలైనప్పుడు సంతకు సరుకు తెచ్చిన రైతులు అమ్మకం అయ్యాక ఇక్కడికి దిగేవారట. వాళ్ళ బూట్ల బురద, ఉమ్మి పీల్చుకోవడానికి ఇసుక చల్లేవారు. ఇప్పుడు వచ్చేవాళ్ళు బురద తొక్కి రావడం లేదు. అయినా ఇసుక చల్లుతూనే ఉన్నారు. తమ ఇల్లు ఎవరి డబ్బుతో నిలబడిందో గుర్తుంచుకున్నవాళ్ళు చేసే పని అది. నాకు ఆ ఇల్లు అక్కడే నచ్చేసింది.

నేను అన్నీ ఒకేసారి చెప్పబోతుంటే ఆ పెద్దాయన చేత్తో వారించాడు. దీనికి వరుస ఉందట. మొదట సిల్డ్, అంటే వాళ్ళ ఊరబెట్టిన హెర్రింగ్ చేప. ఆ తర్వాత వేయించిన చేప, రొయ్యలు. ఆ తర్వాత మాంసం. చివర జున్ను. వరుస తప్పితే నాలుకకు రుచి తెలియదన్నాడు. పప్పు, కూర, పులుసు, పెరుగు అని మీ నాయనమ్మ చెప్పిన మాటే ఇది. పెరుగన్నం తిన్నాక పులుసు అడిగితే ఆవిడ ఎలా చూసేదో నీకు తెలుసు.

సిల్డ్ వచ్చింది. దాని గురించి కాస్త నిదానంగా చెబుతాను. రై అనే ధాన్యంతో చేసిన నల్లటి రొట్టె ముక్క, అరచేతి కంటే చిన్నది. దాని మీద వెన్న, అంచుల దాకా, మూల కూడా వదలకుండా. వెన్న ఎంత మందంగా ఉండాలో చెప్పడానికి వాళ్ళకొక మాట ఉందట. టాన్‌స్మోర్, పంటి వెన్న. కొరికితే పళ్ళ గుర్తులు పడాలి. వెన్న మీద చేప ముక్కలు, వెండి రంగు చర్మంతో, చాకుతో ఏటవాలుగా కోసినవి. పైన చక్రాలుగా తరిగిన పచ్చి ఉల్లిపాయ, కేపర్లనే ఊరబెట్టిన మొగ్గలు, ఒక చిన్న సోయాకు రెమ్మ. నేను చేత్తో తీసుకోబోతుంటే ఆ పెద్దావిడ నవ్వుతూ తన చాకు, ఫోర్కు ఎత్తి చూపించింది. రొట్టే అయినా దాన్ని కోసుకునే తినాలి.

మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే పులుపు, వెనకే తీపి, ఆ వెనక ఎక్కడి నుంచో ఉప్పు. లవంగం, మిరియం లాంటి ఘాటు లీలగా తగిలింది. చేప మెత్తగా, నీచు వాసన లేకుండా ఉంది. పులుసు కాచిన మర్నాడు పొద్దున మీ అమ్మ మూత తీసిన పులస కుండ గుర్తొచ్చింది తల్లీ. పులుపు ముక్క లోపలికంటా దిగి, రాత్రి లేని రుచి తెల్లారేసరికి వస్తుంది చూడు, అదే పద్ధతి. అన్నట్టు మన పులస కూడా హెర్రింగ్‌కు చుట్టమే. దూరపు చుట్టాలింటికి వెళ్ళి ముఖం పోలిక గుర్తుపట్టినట్టయింది.

ఎలా చేస్తారని అడిగాను. చేపను పీపాలో ఉప్పు వేసి నెలల తరబడి ఉంచుతారు. తర్వాత నీళ్ళలో నానబెట్టి ఉప్పు దించుతారు. వెనిగర్, చక్కెర కాచి చల్లార్చి, ఉల్లిపాయ, బిర్యానీ ఆకు, మిరియాలు వేసి అందులో ఊరనిస్తారు. ఇదంతా ఆ పెద్దావిడ చెప్పింది. ఆవకాయకు ఊట పైకి తేలిందా లేదా అని మూడోనాడు జాడీ చూసుకునే మనిషి గొంతులో ఉండే శ్రద్ధ ఆవిడ గొంతులో ఉంది. ఒకప్పుడు అక్కడి జలసంధిలో హెర్రింగ్ ఎంత చిక్కగా వచ్చేదంటే, పడవలు కదలడం కష్టమై చేతులతో చేపలు పట్టుకునేవారని ఎనిమిది వందల ఏళ్ళ కిందటే వాళ్ళ చరిత్రకారుడు సాక్సో రాశాడట. పట్టినదంతా ఏడాది పొడుగునా నిలవుండాలంటే ఉప్పు తప్ప దారి లేదు. చలికాలంలో పొద్దు కాసేపే ఉండే దేశానికి ఆ పీపా ఎంత ధైర్యమో ఊహించు.

నువ్వు ఆ తిండిని చల్లటి తిండి అంటావు. మొదటి వారం నేనూ అలాగే అనుకున్నాను, ఒప్పుకుంటున్నాను. పొయ్యి మీద నుంచి దిగిన వేడే ప్రేమ అని మన అలవాటు. మరి మన ఊరగాయలు, చద్దన్నం, ఎండుచేప? ముందు నెలలో తలుచుకుని చేస్తే తర్వాతి నెలలో తినేవి. ఆ బల్ల దగ్గర కూర్చున్నాక నాకు ఆ తేడా చెరిగిపోయింది.

తర్వాత వేయించిన చేప వచ్చింది, పక్కన రెమౌలాడ్ అనే పసుపు రంగు సాస్‌తో. కరకరలాడింది, బాగుంది. పశువైద్యుడి రాత్రి భోజనం అనే పేరున్న రొట్టె తినమని పెద్దాయన చెప్పాడు గానీ, అందులో గొడ్డు మాంసం ఉంటుందని ఆయనే గుర్తు చేసుకుని వద్దన్నాడు. ఆ మర్యాద నాకు ఎంతో నచ్చింది. ఇక స్నాప్స్ సంగతి, అంటే వాళ్ళ ఘాటైన మద్యం. అక్కడ వందకు పైగా రకాలున్నాయి. ఒక్క చిన్న గ్లాసు తీసుకున్నాను, మీ అమ్మకు ఆ సాయంత్రమే చెప్పాను. షాజీరా వాసన వేసింది. గ్లాసు ఎత్తి స్కోల్ అనేటప్పుడు ఎదుటి మనిషి కళ్ళలోకి చూడాలి, తాగాక మళ్ళీ చూడాలి. ఆ ముసలాయన నీలం కళ్ళు నాకు ఇప్పటికీ కనిపిస్తున్నాయి.

నాది ఏ ఊరని అడిగితే మచిలీపట్నం అన్నాను. డెన్మార్క్‌వాళ్ళు 17వ శతాబ్దంలో మా ఊళ్ళో కూడా వర్తకం చేశారని చెబితే ఆయనకు నమ్మకం కలగలేదు. తమిళదేశపు రేవు తరంగంబాడి మాత్రం ఆయనకు తెలుసు. 1620లో తంజావూరు రఘునాథ నాయకుడు, తెలుగులో కావ్యాలు రాసిన రాజు, ఆ రేవును వాళ్ళకు ఇచ్చాడని, బంగారు రేకు మీద రాయించి వాళ్ళ రాజు నాలుగో క్రిస్టియన్‌కు లేఖ పంపాడని చెప్పాను. ఆ లేఖ ఇప్పటికీ కోపెన్‌హాగెన్‌లోనే భద్రంగా ఉంది. ముందురోజు మనం ఎక్కిన గోపురం కట్టించింది ఆ క్రిస్టియన్ రాజే కదా! ఇది విని ఆ దంపతులు చాలాసేపు తమలో తాము మాట్లాడుకున్నారు. లేచి వెళ్ళేటప్పుడు ఆవిడ నా భుజం తట్టింది.

రెండున్నర గంటలు కూర్చున్నాను. ఎవరూ తొందరపెట్టలేదు. బల్లల మీద ఫోన్లు కూడా పెద్దగా కనిపించలేదు.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు అదే రై రొట్టె మీద ఏదో పూసుకుని, కంప్యూటర్ ముందు, ఒక చేత్తో తింటూ రెండో చేత్తో టైపు చేయడం నేను చూశాను. నీ మధ్యాహ్నం ఏడు నిమిషాల్లో అయిపోతుంది. అది చూసినప్పుడు నా ప్రాణం ఉసూరుమంది గానీ నీ ఇంట్లో నిన్ను ఏమీ అనలేకపోయాను. మాకోసం రోజూ పొద్దున అయిదింటికి లేచి పప్పు, కూర వండిపెట్టావు. నీకోసం కూడా ఒక పూట కూర్చో అమ్మా. నెలకొక శుక్రవారం ఆ మెట్లు దిగు. ఎవరినైనా తోడు తీసుకెళ్ళు, లేకపోతే పక్క బల్లవాళ్ళే తోడవుతారు. డబ్బు దండగ అంటావని తెలుసు, అందుకే ఈసారి నీ పుట్టినరోజు డబ్బు దీనికే పంపుతున్నాను. చీర కొనుక్కోకు.

వచ్చే వేసవికి మీ అమ్మ మోకాలు బాగుచేయించి తీసుకొస్తాను. కమ్మీ ఒక పక్క, నేను ఒక పక్క. ముగ్గురికి బల్ల చెప్పి ఉంచు.

నిన్న బజారులో మంచి కవళ్ళు కనిపిస్తే రెండు కిలోలు తెచ్చాను. నేను చెప్పిందంతా విని మీ అమ్మ సగం ఉప్పులో పెట్టింది. పండక్కి ఇంట్లోనే సిల్డ్ చేసుకుంటానని నీతో అన్న మీ ఆఫీసు ఆవిడను వెనిగర్ ఎంత, చక్కెర ఎంత వేయాలో అడిగి వెంటనే రాయి. జాడీ కడిగి ఎండలో పెట్టాము.

ఆశీస్సులతో,
నాన్న