ఆరోగ్య శాఖ మంత్రి గారికి: మత్తు కింద ఉన్న నొప్పికి మన కేంద్రాల్లో చోటివ్వండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను వ్యసన విముక్తి కేంద్రంలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. చాలాకాలంగా పై అధికారులకు చెబుతూ వచ్చిన సంగతినే ఇప్పుడు మీకు బహిరంగంగా రాస్తున్నాను. దీన్ని మార్చగలిగిన సంతకం మీది.

మా దగ్గరికి వచ్చిన మనిషికి ఒక కేస్ షీట్ తెరుస్తాం. ఏం వాడుతున్నారు, ఎంత, ఎన్నేళ్లుగా, చివరిసారి ఎప్పుడు అన్నవాటికి అందులో గళ్లు ఉంటాయి. కాలేయ పరీక్షకు గడి ఉంది. పోలీసు కేసులున్నాయా అన్నదానికీ ఉంది. ఆ మనిషి చిన్నతనం దెబ్బల మధ్య గడిచిందా, లైంగిక హింస జరిగిందా, కళ్లెదుట ఎవరైనా చనిపోయారా అన్నదానికి మాత్రం లేదు. గడి లేదు కాబట్టి ఎవరూ అడగరు. మందులిచ్చి, పడకిచ్చి, నాలుగు మంచిమాటలు చెప్పి పంపించేస్తాం. కొన్ని వారాలకు అదే మనిషి మళ్లీ వస్తే, మనసు గట్టిది కాదని తేల్చేస్తాం.

నేను కోరుతున్నది ఒక్కటే. మానసిక గాయానికి చేసే చికిత్స వ్యసన చికిత్సలో భాగం కావాలి. ఆ రెండూ ఒకే చోట, ఒకే సమయంలో అందాలి.

ఇది నా ఒక్కరి అభిప్రాయమని మీకు అనిపించవచ్చు. కాబట్టి ఒక పాత సంగతి చెప్పనివ్వండి. 1980లలో అమెరికాలోని శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి అనే వైద్యుడు ఊబకాయానికి చికిత్స చేసే క్లినిక్ నడిపేవారు. అక్కడ బాగా బరువు తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేసి వెళ్లిపోవడం ఆయనకు అంతుపట్టలేదు. వాళ్లను కూర్చోబెట్టి వివరంగా మాట్లాడితే, చాలామంది చిన్నప్పుడు లైంగిక హింసకు గురైనవాళ్లని తెలిసింది. ఆ బరువే తమకు రక్షణ అని కొందరు చెప్పారు. వైద్యులు జబ్బు అనుకున్నది రోగికి ఆసరా అయింది. ఆసరాను తీసేస్తుంటే భయపడి పారిపోయారు.

ఆ అనుభవంతోనే ఫెలిట్టి, అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థకు చెందిన రాబర్ట్ ఆండాతో కలిసి పెద్ద అధ్యయనం చేపట్టారు. 17 వేల మందికి పైగా పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగారు: కొట్టారా, తిట్టి అవమానించారా, పట్టించుకోకుండా వదిలేశారా, ఇంట్లో తల్లిని కొట్టడం చూశారా, ఇంట్లో తాగేవాళ్లు, జైలుకెళ్లినవాళ్లు ఉన్నారా. అడిగింది దిక్కులేని జనాన్ని కాదు. ఎక్కువమంది చదువుకుని, ఆరోగ్య బీమా ఉన్న మధ్యతరగతివాళ్లు. అయినా మూడింట రెండొంతుల మందికి ఇలాంటిది కనీసం ఒకటైనా ఎదురైంది. 1998లో వచ్చిన తొలి వ్యాసం చెప్పిన ప్రకారం, నాలుగు లేదా అంతకు మించి ఎదురైనవాళ్లకు తాగుడు, మత్తుమందులు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం వంటి ముప్పులు ఏదీ లేనివాళ్ల కంటే 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. 2003లో ప్రచురించిన విశ్లేషణలో, అయిదు లేదా అంతకు మించి ఎదురైనవాళ్లు మత్తుమందులతో ఇబ్బంది పడ్డామని, బానిసలయ్యామని చెప్పడం 7 నుంచి 10 రెట్లు ఎక్కువగా కనిపించింది.

వ్యసనమంతా బాల్యంలోనే ఉందని నేను అనడం లేదు. వంశపారంపర్యంగా వచ్చే వాటా దాదాపు సగం ఉంటుందని పరిశోధకులు అంచనా వేశారు. ఎంత తేలిగ్గా దొరుకుతుంది, ఏ వయసులో మొదలైంది, చుట్టూ ఎవరున్నారు అన్నవీ లెక్కలోకి వస్తాయి. ఏ గాయమూ లేకుండా వ్యసనంలో పడినవాళ్లను చూశాను. ఘోరమైన బాల్యం గడిపి ఏ అలవాటూ లేకుండా బతుకుతున్నవాళ్లనూ చూశాను. కానీ మా వార్డులో మళ్లీ మళ్లీ కనిపించే ముఖాల్లో గాయం లేని ముఖం అరుదు. మన ఖర్చులో, మన శ్రమలో పెద్ద భాగం వాళ్ల మీదే పోతోంది. వాళ్లకే మన చికిత్స అందడం లేదు.

మత్తు నొప్పిని ఎలా పట్టుకుంటుందో శరీరంలోనే కనిపిస్తుంది. తల్లి నుంచి విడదీసిన కుక్కపిల్లలు ఏడుస్తాయి. చాలా కొద్ది మోతాదులో మార్ఫిన్ లాంటి మందు ఇస్తే ఆ ఏడుపు తగ్గుతుందని మెదడు శాస్త్రవేత్త జాక్ పాంక్‌సెప్ బృందం 1978లో చూపించింది. ఒంటికి దెబ్బ తగిలినప్పుడు ఊరటనిచ్చే వ్యవస్థే, ఒంటరితనంలోనూ ఊరటనిస్తుంది. చిన్నతనంలో ఆ ఊరట మనిషి చేతి నుంచి అందనివాళ్లకు, తర్వాతెప్పుడో సీసాలోనో సిరంజిలోనో మొదటిసారి దొరుకుతుంది. "జీవితంలో తొలిసారి లోపల చప్పుడు ఆగింది మేడమ్" అంటారు. ఆ మాట విన్నాక వాళ్లకు సరదా ఎక్కువైందని అనడానికి నాకు నోరు రాదు.

ఇక డీటాక్స్ సంగతి, అంటే మత్తు మాన్పించే తొలి రోజుల చికిత్స. తాగుడు ఆపిన తొలి రోజుల్లో వణుకు, చెమటలు, ఫిట్స్ వస్తాయి. కొందరికి రెండు మూడు రోజులకు మతి చెదురుతుంది. సమయానికి చూడకపోతే ప్రాణమే పోవచ్చు. మన డాక్టర్లు, నర్సులు దీన్ని ఎంతో శ్రద్ధగా చూస్తున్నారు, వాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను. కష్టమంతా ఆ తర్వాతి రాత్రుల్లో ఉంది. మద్యం కలలొచ్చే నిద్రను అణచి ఉంచుతుంది. మానగానే ఆ నిద్ర ఒక్కసారిగా పొంగుకొస్తుంది. మామూలు మనిషికి అవి వింత కలలు. చిన్నప్పుడు చీకట్లో తలుపు తెరుచుకున్న చప్పుడును మరవలేని మనిషికి మాత్రం అదే గది, అదే చెయ్యి. అర్ధరాత్రి లేచి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంటారు. డ్యూటీలో ఉన్నవాళ్లు వచ్చి మద్యం కోసం తహతహలాడుతున్నారని రాసి నిద్రమాత్ర ఇస్తారు. మర్నాడు ఆ మనిషి సంచీ సర్దుకుంటారు. రిజిస్టర్‌లో 'వైద్య సలహాకు విరుద్ధంగా వెళ్లిపోయారు' అని పడుతుంది. ఆ రాత్రి పక్కన కూర్చుని, "ఇది ఇలాగే వస్తుంది, తర్వాత తగ్గుతుంది, మీరు ఇప్పుడు ఆ గదిలో లేరు" అని చెప్పడం తెలిసిన ఒక్క మనిషి ఉంటే ఆ సంచీ సర్దేవారు కాదని నా నమ్మకం.

అలా వెళ్లిపోవడం చిన్న విషయం కాదు. కొన్నాళ్లు మానితే శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవాళ్ల మీద 2007లో వచ్చిన అధ్యయనంలో, తొలి రెండు వారాల్లో మత్తు మోతాదు మించి చనిపోయే ప్రమాదం మామూలు జనం కంటే 129 రెట్లు ఉందని తేలింది. మానిపించి నొప్పితో సహా బయటికి పంపడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఆ ఒక్క అంకె చాలు.

ఇక గద్దింపుల సంగతి. అందరి ముందు నిలబెట్టి తప్పులు ఒప్పించడం, గుండు చేయించడం, గదిలో పెట్టి తాళం వేయడం, కుటుంబాన్ని పిలిచి వాళ్ల ఎదుటే తిట్టించడం చాలాచోట్ల చికిత్స పేరుతోనే సాగుతున్నాయి. అవమానం తిని పెరిగిన మనిషికి మందుగా మళ్లీ అవమానమే ఇస్తున్నాం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మిల్లర్ బృందం 1993లో అతిగా తాగేవాళ్ల కౌన్సెలింగ్ తీరును పరిశీలించింది. కౌన్సెలర్ ఎంత ఎక్కువగా నిలదీస్తే, ఏడాది తర్వాత ఆ మనిషి అంత ఎక్కువగా తాగుతున్నట్టు కనిపించింది. దయచేసి లైసెన్సు నిబంధనల్లో ఈ పద్ధతులను పేరు పెట్టి నిషేధించండి. తనిఖీకి వెళ్లినవాళ్లు గోడలకు రంగులు చూసి రాకుండా రోగులతో ఒంటరిగా మాట్లాడి రావాలి.

గాయం ఉందని తెలిసినవాళ్లకు కూడా ఇప్పుడు జరుగుతున్నది అన్యాయమే. మానసిక వైద్య విభాగానికి వెళ్తే, ముందు తాగుడు మానేసి రండి అంటారు. మా దగ్గరికి వస్తే, ఆ పీడకలలు మా పని కాదు, అక్కడికి వెళ్లండి అంటాం. రెండు గుమ్మాల మధ్య మనిషి తిరిగి తిరిగి అలిసిపోతారు. గాయాన్ని కదిలిస్తే తాగుడు ఎక్కువవుతుందన్న భయం దీనికి కారణం. సిడ్నీలో 103 మంది మీద చేసి 2012లో ప్రచురించిన ప్రయోగంలో రెంటికీ కలిపి చికిత్స చేశారు. గాయం తాలూకు బాధ మామూలు చికిత్స పొందినవాళ్లకంటే ఎక్కువ తగ్గింది. భయపడినట్టు మత్తు వ్యసనం ముదరలేదు. కలిపి చేయడానికి అడ్డు చెప్పే కారణం నాకు కనిపించదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. మీరు సంతకం పెడితే, రేపు పొద్దున్నే ఒక కొత్త ఫారం వచ్చి, చేరిన రోజే ప్రతి ఒక్కరితో జరిగిందంతా చెప్పించే పని మొదలవుతుందేమోనని నా భయం. అలా చేయకండి. బలవంతంగా చెప్పించడం మరో గాయం. అడిగేవాళ్లకు శిక్షణ ఉండాలి, తలుపు వేసుకునే గది ఉండాలి, 'ఇప్పుడు చెప్పను' అనే హక్కు రోగికి ఉండాలి. ముందు నిద్ర, భద్రత, తనను తాను నిలదొక్కుకునే మార్గాలు. కథ తర్వాత, అదీ వాళ్లకు కుదిరినప్పుడు. కొందరు ఎప్పటికీ చెప్పరు, అయినా కోలుకుంటారు.

మందులను తగ్గించమని కూడా అడగడం లేదు. హెరాయిన్ లాంటి మత్తుకు బదులుగా వైద్యులు ఇచ్చే మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ లాంటివి ప్రాణాలు నిలుపుతున్నాయి. ప్రాణం నిలిచిన మనిషితోనే కదా మేం మాట్లాడగలిగేది. అవి తెగిపోకుండా అందాలి.

మా నెలవారీ నివేదికలో ఎంతమంది చేరారు, ఎన్ని పడకలు నిండాయి, ఎంతమందిని డిశ్చార్జి చేశాం అని రాస్తాం. వెళ్లిన రెండు వారాలకు ఎవరైనా ఫోన్ చేశారా, ఏడాదికి ఆ మనిషి బతికి ఉన్నారా, నిద్ర పడుతోందా, పనికి వెళ్తున్నారా, పిల్లలతో మాట్లాడుతున్నారా అన్నవి కూడా అడగండి. అడిగినదానికే నిధులు, మనుషులు వస్తారని మీకు నాకంటే బాగా తెలుసు. మధ్యలో మళ్లీ తాగారని పేరు కొట్టేసే నిబంధనను తీసేయండి. తాగిన రోజే కదా మా అవసరం ఎక్కువ.

పోలీసు, జైలు సంగతి మీ ఒక్క శాఖది కాదని తెలుసు. పోర్చుగల్ 2001లో సొంత వాడకానికి కొద్ది మోతాదు దగ్గర ఉంచుకోవడాన్ని క్రిమినల్ నేరాల నుంచి తప్పించి, అలాంటివాళ్లను న్యాయ, ఆరోగ్య, సామాజిక సేవా రంగాలవాళ్లు కూర్చునే కమిషన్ల ముందుకు పంపింది. మంత్రివర్గంలో ఆ మాట ఎత్తగలిగింది మీరే.

దీని మీద కమిటీ వేస్తే అందులో వైద్యులతో, అధికారులతో పాటు వ్యసనం నుంచి కోలుకున్నవాళ్లకూ చోటివ్వండి. మొదటి సమావేశంలో వాళ్లను ముందు మాట్లాడనివ్వండి. కేస్ షీట్‌లో ఏ ప్రశ్న ఎలా అడగాలో, ఎప్పుడు అడగకూడదో వాళ్లు చెబుతారు.

ఇట్లు,
ఒక వ్యసన విముక్తి కేంద్రం కౌన్సెలర్